తువ్వాలు కింద చెయ్యి

ఆరేళ్ళ కిందట పెనుకొండ కోటలో ఒక శవం దొరికింది. జేబుల్లో ఏమీ లేదు. మనిషి చచ్చిపోయాక ముఖాన్ని రాయితో చితక్కొట్టారని డాక్టరు తేల్చాడు. చావు ఎలా వచ్చిందో మాత్రం తేల్చలేకపోయాడు. కుడి అరచేతిలో చీమ కుట్టినంత చుక్క ఒకటి తప్ప ఒంటి మీద ఇంకే దెబ్బా లేదు. నా మనిషి అంటూ ఎవరూ రాలేదు. అనాథ శవమని దహనం చేశారు. పోలీసులు కొన్నాళ్ళు అటూ ఇటూ తిరిగి అలిసిపోయారు.

ఇప్పుడు అదే కొండ కింద, హైవే పక్కన, సీతాఫలాల గంప ముందు గొంతుక్కూర్చున్నాడు ఏజెంట్ కిషోర్.

"మాగినవి ఉండాయా అవ్వా?"

"మాగినవి కారులో ఉండాయి నాయనా," అంది అవ్వ, ఈగలు తోలుకుంటూ.

కోడ్ సరిపోయింది. కాస్త దూరంలో ఆగి ఉన్న నల్ల అద్దాల కారు తలుపు తెరుచుకుంది. వెనక సీట్లో ఉషారాణి వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. చూడ్డానికి రిటైరైన లెక్కల టీచరమ్మలా ఉంటుంది. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకి చీఫ్ ఆవిడే.

"కూర్చో. కోట శవం కేసు గుర్తుందా?"

"ఉంది మేడమ్. అన్‌సాల్వ్‌డ్."

"ఆ శవం దొరికిన కొద్ది రోజులకే పెనుకొండకి ఒకడు తిరిగొచ్చాడు. పేరు రాఘవేంద్ర. పశువుల దళారి నల్లప్ప పెంచుకున్న కొడుకు. లారీ డ్రైవరుగా ఉత్తరాదికి పోయి, చాలా ఏళ్ళు అజాపజా లేకుండా పోయినవాడు. తిరిగొచ్చేసరికి బుగ్గ మీద పెద్ద కాలిన మచ్చ. యాక్సిడెంట్ అన్నాడు. నల్లప్ప అప్పటికే పోయాడు. పెంపుడు బిడ్డ కాబట్టి డీఎన్ఏ పోల్చడానికి రక్తసంబంధం ఎవరూ లేరు. ఇప్పుడు ధర్మవరంలో పట్టుచీరల షాపు నడుపుతున్నాడు."

"అంటే కోటలో చచ్చింది అసలు రాఘవేంద్ర. వీడు వేషగాడు. అంతేనా మేడమ్?"

"ఆ మాట నేననలేదు. నీ పెళ్ళాం అంది."

కిషోర్ నోట్లో వేసుకున్న వేరుశనగ గింజ చేదెక్కింది.

వీణ కూడా ఆ ఆఫీసు ఏజెంటే. కొన్ని నెలలుగా మమత అనే పేరు పెట్టుకుని, బెంగళూరు బొటిక్ ఓనరమ్మ వేషంలో, రాఘవేంద్ర పక్కనే మసలుతోంది. రాఘవేంద్ర వెనక ఉందని అనుమానిస్తున్న విదేశీ ముఠా ఆమెను తమ మనిషనే నమ్ముతోంది. డబుల్ ఏజెంట్ అన్నమాట. ఆ వేషానికి రోజుకో పట్టుచీర, చెవులకు జుంకాలు, ఆ మనిషి జోకులకు నవ్వులు తప్పవు. డ్యూటీయే కదా అని కిషోర్ తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. చెప్పుకున్న ప్రతిసారీ ఆ నవ్వులే గుర్తొస్తున్నాయి.

"కొత్త రాడార్ ఫ్రీక్వెన్సీలున్న చిప్ ముఠాకి చిక్కింది," అంది ఉషారాణి. "బియ్యపు గింజంత ఉంటుంది. రేపు ఎక్కడో చేతులు మారుతుంది. ఈ రాఘవేంద్ర ముఠా దింపిన దొంగవాడైతే చిప్ వాడి దగ్గరే ఉంది. అసలువాడైతే మనం తప్పు మనిషి వెంట పడుతున్నాం. వీణ 'దొంగవాడే, రుజువు పంపిస్తా' అంది. ఆ తర్వాత ఫోన్ లేదు, మెసేజ్ లేదు. నాకు రెండు సంగతులు తెలియాలి. వాడెవడు? ఆమె ఇంకా మనదేనా?"

"నన్నెందుకు మేడమ్? నేను సొంత మనిషిని."

"నువ్వు కుళ్ళిపోతున్నావని ఆఫీసులో టీ తెచ్చేవాడికి కూడా తెలుసు. ఇంకెవరిని పంపినా కాసేపు చూసి బీడీకి బయటికొస్తారు. నువ్వు రెప్ప వెయ్యవు. ఇక పో."

*

ధర్మవరంలో కిషోర్ పేరు పుల్లన్న. ఊరు హిందూపురం. వ్యాపారం జరీ. మందపాటి కళ్ళజోడులో కెమెరా, చెవిటి మిషన్‌లో రిసీవర్, చేతిలో జరీ కండెల పెట్టె. వేషం బాగానే కుదిరింది. దాని కింద ఉన్న మొగుడి ముఖాన్ని దాచడమే కష్టమైంది.

రాఘవేంద్ర అందగాడు. ఇది కిషోర్‌కు నచ్చని మొదటి సంగతి. బుగ్గ మీది మచ్చ కూడా వాడికి నప్పింది. ఇది రెండోది. షాపుకొచ్చిన నేతగాళ్ళను పేరు పేరునా పలకరించి, ముసలివాళ్ళకు లేచి నిలబడి కుర్చీ వేశాడు. దొంగ నా కొడుకులో వంక పెట్టడానికి ఒక్కటీ దొరకలేదు.

"రాప్పా పుల్లన్నా, యాడ హిందూపురమేనా? కాఫీ తాగుతావా?"

"తాగితిని లేన్నా."

లోపలి హాల్లో తెల్ల పరుపుల మీద వీణ కూర్చుని ఉంది. నెమలికంఠం రంగు చీర. కిషోర్ వైపు చూసింది. గోడను చూసినట్టే చూసి ముఖం తిప్పేసుకుంది. ఏజెంట్‌గా నూటికి నూరు మార్కులు వెయ్యాల్సిన చూపది. మొగుడిగా కిషోర్ సున్నా వేశాడు.

రాఘవేంద్ర వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఒక తువ్వాలు ఉంది. వీణ నవ్వుతూ దాని కింద చెయ్యి పెట్టింది. వాడూ పెట్టాడు.

కిషోర్ జరీ పెట్టె కింద పెట్టేశాడు.

హిందూపురం పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి కూడా సంగతి తెలియదు. కిషోర్ మేనమామ ఆ సంతలో పేరున్న దళారి. మామ దగ్గర తను నేర్చుకున్నాడు, పెళ్ళి కుదిరాక వీణకు నేర్పాడు. చుట్టాల మధ్య పెద్దమనుషుల్లా కూర్చుని, తువ్వాలు కింద ఇద్దరూ ఎన్ని చెప్పుకున్నారో! ప్రపంచంలో ఆ భాష తమ ఇద్దరిదే అనుకున్నాడు వెర్రివాడు.

ఇప్పుడు అదే భాష వాడితో మాట్లాడుతోంది.

"ఇంకోసారి," అంది వీణ, గలగలా నవ్వుతూ. "మళ్ళీ!"

వాడు తల వంచి తువ్వాలు కేసే చూస్తూ మురిసిపోతున్నాడు. ఆ ముఖాన్ని కిషోర్ కళ్ళజోడు కెమెరా తీసింది. దానికన్నా గట్టిగా కిషోర్ కళ్ళు తీసుకున్నాయి. తువ్వాలు కింద మునివేళ్ళు కదిలిన ప్రతి కదలికా, ఒక్కటీ వదలకుండా.

"ఏమన్నా జరీ అన్నా, రేట్ ఏమి?" వీణ కన్నడ యాసతో పిలిచింది. "రా, నువ్వూ చెయ్యి పెట్టు. రాఘవేంద్ర వాళ్ళ నాయన బేరమంట ఇది. భలే చెన్నాగుంది."

కిషోర్ వంగి చెయ్యి పెట్టాడు. ఆమె వేళ్ళు తగిలాయి. ఎన్ని రోజులైందో ఆ వేళ్ళు తగిలి! చల్లగా ఉన్నాయి. అతని బొటనవేలిని గట్టిగా పట్టుకుంది. ఇప్పుడే ఇంకొకడి వేళ్ళు పట్టిన చెయ్యి ఇది అనుకున్నాడు కిషోర్. అంతే, చటుక్కున లాక్కున్నాడు.

"నాకీ బేరాలు రావక్కా. నోటితో చెప్తా, ఇష్టముంటే తీసుకోండి."

వీణ ముఖంలో రంగు ఒక్క క్షణం తగ్గింది. రాఘవేంద్ర అది చూశాడు. కిషోర్‌ను కూడా తేరిపార చూశాడు.

"ఏమబ్బా, అక్క చెయ్యి కాలిందా?" అని నవ్వాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు.

బస్టాండు దగ్గర నిలబడి కిషోర్ రిపోర్టు పంపాడు. 'తువ్వాలు బేరం తెలిసినవాడు. నల్లప్ప కొడుకే. మనిషి అసలువాడు. వీణ చెయ్యి దాటిపోయింది.'

జవాబు వెంటనే వచ్చింది. 'సరే. రాఘవేంద్ర మీద నిఘా తీసేస్తున్నా. రేపు వీణ ధర్మవరం స్టేషన్లో బెంగళూరు రైలెక్కుతుందని టికెట్ చెబుతోంది. అక్కడ అరెస్టు చేయిస్తా.'

కిషోర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గెలిచినట్టు ఉండాల్సింది. నోట్లో మట్టి పోసుకున్నట్టుంది.

*

మర్నాడు పొద్దున అతను పెనుకొండలో దిగాడు. ఎందుకయ్యా అంటే చెప్పుకోవడానికి సిగ్గు. కేసు కోసం కాదు. ఆ రాఘవేంద్రలో తనకు లేనిది ఏముందో తెలుసుకోవాలి. వాడు చిన్నప్పుడు ఎలా ఉండేవాడో, ఏం తినేవాడో కూడా తెలుసుకోవాలి. ఈ రోగం వచ్చినవాడికి మందు లేదు.

నల్లప్ప సొంత కూతురు నాగమణి కోట కింద టిఫిన్ హోటల్ నడుపుతోంది. కిషోర్ ఉగ్గాని, బజ్జీ తీసుకుని పొయ్యి పక్కనే బల్ల మీద కూర్చున్నాడు.

"నిన్న ధర్మవరంలో మీ తమ్ముణ్ణి చూస్తినక్కా. తువ్వాలు బేరం ఏం ఆడుతాడక్కా! అంతా మీ నాయన దగ్గర నేర్చుకున్నదేనా?"

నాగమణి చట్టి దించి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "వానికి నేర్పించె మా నాయన. నాకు నేర్పలే. సొంత బిడ్డను నేను, ఆడపిల్లవు పోపో అన్నాడు. వాడు పెంచుకున్నోడు. వాణ్ణి తొడ మీద కూర్చోబెట్టుకుని నేర్పినాడు. నేను తలుపు సందులోంచి చూసి ఏడ్చేదాన్ని. ఎంత కుళ్ళుకున్నానో నాకే తెలుసప్పా."

కిషోర్‌కు ఆ ఆడమనిషి మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఒగటి మాత్రం సంతోషంగా ఉండేది," అంది నాగమణి, కొంచెం నవ్వి. "వాడు తువ్వాలు కేసి చూసినాడంటే చాలు, మా నాయన వీపు మీద ఒగటి ఏసేవాడు. 'చెయ్యి చేసే పని కన్ను చూడకూడదురా, ఎదుటోని ముఖం చూడు' అనేవాడు. దెబ్బలు తిని తిని ఇంగ జన్మలో చూసేవాడు కాదు. నిద్దర్లో లేపి చెయ్యి పట్టినా నీ ముఖమే చూస్తాడు."

కిషోర్ చేతిలో బజ్జీ ఆగిపోయింది.

మామ కూడా అంతే. దళారి ఎవడైనా అంతే. తువ్వాలు కింద చెయ్యి పెట్టినవాడు ఎదుటివాడి ముఖమే చూస్తాడు. తువ్వాలు కేసి చూసేవాడికి బేరమే రాదు. నిన్న వాడు తల వంచి తువ్వాలు కేసే చూశాడు. అక్షరం అక్షరం కూడబలుక్కునే బడిపిల్లవాడిలా చూశాడు. 'ఇంకోసారి, మళ్ళీ' అంది వీణ. సరసం కాదది. పాఠం!

నల్లప్ప పెంచిన కొడుక్కి తువ్వాలు బేరం ఇంకొకరు నేర్పాలా? దీనికి మించిన రుజువేముంది? ఎద్దు ముఖం చూడని చీరల వ్యాపారి హడావుడిగా నిన్న ఎందుకు నేర్చుకుంటున్నాడు? ఇవాళ వాడికి దాంతో పని ఉంది. బొటనవేలు! ఎద్దుల బేరమైతే ముందుగా పట్టేది బొటనవేలే. వీణ అతనికి సంత అని చెప్పింది. చెప్పడం మొదలుపెట్టింది. తను చెయ్యి లాక్కున్నాడు.

వందమంది మధ్యలో, పట్టపగలు, తువ్వాలు కింద బియ్యపు గింజంత చిప్. ఎవరు చూస్తారు?

"అక్కా, ఇయ్యాల హిందూపురం సంతే కదా?"

"సంతే." నాగమణి అతని ముఖం చూసింది. గరిటె కింద పెట్టింది. గొంతు తగ్గించింది. "ఏమప్పా, నువ్వు పోలీసా?"

కిషోర్ ప్లేటు పక్కకు జరిపాడు.

"వాడు నా తమ్ముడు కాదని నాకు ఎప్పటినుంచో అనుమానమే. ఈ హోటల్ వాడే పెట్టించినాడు. అక్కా అంటాడు, పండక్కి చీర తెస్తాడు. కాదంటే ఏమప్పా, మరి నా తమ్ముడు యాడుండాడని అడగాల కదా. ఆ మాట అడిగేకి నాకు ధైర్యం రాలే."

ఆమె వెనక కిటికీలోంచి కోట గోడ కనబడుతోంది.

*

"మేడమ్, నా రిపోర్టు తప్పు."

"ఏది తప్పు? వాడి సంగతా, ఆమె సంగతా?" ఫోన్లో వేరుశనక్కాయ చిట్లిన చప్పుడు.

"రెండూ. వాడు దొంగవాడు. వీణ మనదే. రైలు టికెట్ మన కళ్ళు కప్పడానికే. హిందూపురం పశువుల సంతలో హ్యాండోవర్."

"మనవాళ్ళంతా ధర్మవరం స్టేషన్లో ఉన్నారు కిషోర్. నీ మాట విని పంపాను. ఎంత తొందరగా వచ్చినా వాళ్ళు వచ్చేసరికి సంత సగం అయిపోతుంది."

"నేను దారిలోనే ఉన్నా."

"వీణను వాడు అనుమానించాడా?"

తను చెయ్యి లాక్కున్నప్పుడు తగ్గిన ఆమె ముఖం రంగు, వాడి తేరిపార చూపు కిషోర్‌కు గుర్తొచ్చాయి. "నా వల్లే," అన్నాడు.

సంత నిండుగా ఉంది. ఎద్దుల కొమ్ములకు రంగులు, దుమ్ము, పేడ, అరుపులు. ఎటు చూసినా తువ్వాళ్ళే. ప్రతి తువ్వాలు కిందా రెండు చేతులు. కిషోర్ తలకు పాగా చుట్టి, మామ ఇంట్లో తీసుకున్న పాత కర్రతో దళారిలా నడిచాడు. ఎవడు రాఘవేంద్ర? మచ్చ మీద గడ్డం అతికించి ఉంటాడు. ఒంటికి ఏ గొంగడో కప్పి ఉంటాడు. ముఖం చూసి లాభం లేదు.

ముఖాలు కాదు, చూపులు చూడాలి. కిషోర్ ఒక్కొక్క తువ్వాలునూ దాటుకుంటూ పోయాడు. దళారులు, రైతులు, అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వానల గురించీ పిల్లల పెళ్ళిళ్ళ గురించీ మాట్లాడుతున్నారు. చేతులు మాత్రం కింద పని చేస్తున్నాయి.

చింతచెట్టు కింద ఒక తెల్లగడ్డం ముసలివాడు రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పట్టు లాల్చీ వేసుకున్న లావుపాటి మనిషి. ఇద్దరి చేతులూ తువ్వాలు కింద ఉన్నాయి.

ముసలివాడు తల వంచి తువ్వాలు కేసే చూస్తున్నాడు.

పక్కన ముసుగు వేసుకున్న ఆడమనిషి ఒకతె ఎద్దు పగ్గం పట్టుకుని నిలబడి ఉంది. ఆ నిలబడే తీరు కిషోర్‌కు ఎక్కడైనా తెలుస్తుంది.

లాల్చీ మనిషి పిడికిలి బిగించి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తిరిగి జనంలోకి నడిచాడు. చిప్ పోతోంది. అదే క్షణంలో ముసలివాడు తల తిప్పాడు.

"రామ్మా మమతా," అన్నాడు మెల్లగా. "నువ్వూ చెయ్యి పెట్టు. మన లెక్క కూడా తేల్చుకుందాం."

కుడి అరచేతిలో చీమ కుట్టినంత చుక్క! ఆరేళ్ళ కిందట కోటలో ఒకడు ఇలాగే వీడికి చెయ్యి ఇచ్చి ఉంటాడు. వీణ కదిలింది. వద్దంటే అనుమానం రుజువవుతుంది. చెయ్యి చాపుతోంది.

చిప్ అటు. పెళ్ళాం ఇటు. కిషోర్ ఆలోచించలేదు. వీణ వైపు దూకుతూనే, మామ నేర్పిన గొంతుతో సంతంతా దద్దరిల్లేలా అరిచాడు.

"బేరం ఒప్పుకుని బయానా ఇయ్యకుండా పోతాండాడప్పా! పట్టు లాల్చీ వాడు! పట్టుకోండి!"

హిందూపురం సంతలో హత్య చేసినవాడైనా తప్పించుకుపోవచ్చు. తువ్వాలు కింద ఒప్పుకుని బయానా ఎగ్గొట్టినవాడు మాత్రం పోలేడు.

"ఎవడ్రా వాడు?"

"ఏయ్, నిలువు!"

"సంత పద్ధతి తెల్దారా నీకు?"

ఎద్దులు వదిలేసి, బీడీలు పారేసి, కర్రలెత్తుకుని వందమంది లాల్చీ మీద పడ్డారు.

ఇటు తువ్వాలు కింద వీణ చెయ్యి దూరకముందే కిషోర్ చెయ్యి దూరింది. చూడలేదు. ముసలివాడి కళ్ళలోకి చూస్తూనే వేళ్ళతో వెతికాడు. చిటికెన వేలు. దాని పక్కది. ఉంగరం! లోపలి వైపుకి తిప్పి ఉంది, సూది లేచి ఉంది. ఆ వేలిని మొదలంటా పట్టుకుని వెనక్కి విరిచాడు. వాడు పెద్దగా అరిచాడు. వీణ ఎద్దు పగ్గాన్ని వాడి మెడకు చుట్టి లాగింది. తెల్లగడ్డం ఊడి పేడలో పడింది. బుగ్గ మీది మచ్చ బయటపడింది.

"నిన్న చెయ్యి లాక్కున్నావు," అంది వీణ రొప్పుతూ. "ఇయ్యాల పెట్టినావా?"

"బుద్ధి తక్కువై లాక్కున్నా."

"అది నాకు తెలుసు. వాణ్ణి తువ్వాలు కేసే చూడమని నేర్పింది యాల అనుకున్నావు? ఇంతమందిలో నువ్వు గుర్తుపట్టేకి!"

ఉషారాణి బలగంతో వచ్చేసరికి లాల్చీ మనిషి చెట్టుకు కట్టేసి ఉన్నాడు. చిప్ వాడి పిడికిట్లోనే దొరికింది. బయానా ఇచ్చేదాకా వదిలేది లేదని దళారులు పట్టుబట్టారు. చివరికి ప్రభుత్వం తరఫున ఉషారాణే ఇవ్వాల్సి వచ్చింది. ఎద్దు ఆఫీసు ఆస్తి అయింది.

సూదిలో ఉన్న విషం ఏమిటో ల్యాబ్ తేల్చింది. కోట కేసు మీద 'అన్‌సాల్వ్‌డ్' అన్న మాట కొట్టేశారు. ఆ కబురు నాగమణికి చెప్పడానికి కిషోరే వెళ్ళాడు. ఆమె ఏడవలేదు. పొయ్యి ఆర్పి ఒక్కటే అడిగింది. "యాడ కాల్చినారప్పా మా తమ్ముణ్ణి?" కిషోర్ ఆమెను అక్కడికి తీసుకెళ్ళాడు. ఆమె అక్కడి మన్ను కొంచెం కొంగులో ముడి వేసుకుంది.

తిరుగుప్రయాణంలో కారు వెనక సీట్లో మొగుడూ పెళ్ళాలిద్దరే. ముందు సీట్లో ఉషారాణి కళ్ళు మూసుకుని ఉంది. కిషోర్ ఊరుకోగలిగినంతసేపు ఊరుకున్నాడు.

"ఒక మాట అడుగుతా. ఏమీ అనుకోవద్దు."

"అడుగు."

"వానికి ఆ బేరం నేర్పేకి... ఎన్నిసార్లు పట్టుకోవాల్సి వచ్చింది చెయ్యి?"

వీణ నవ్వలేదు. పక్కనున్న తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీద కప్పింది. అతని ముఖంలోకి సూటిగా చూస్తూ జవాబు చెప్పడం మొదలుపెట్టింది. ఒక వేలు పట్టుకుంది. రెండు. మూడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి లాక్కుని దాని వేళ్ళు కూడా లెక్కపెట్టింది. అయిపోగానే మళ్ళీ మొదటికొచ్చింది.

హిందూపురం దళారి మేనల్లుడు, జన్మలో మొదటిసారి, తువ్వాలు కేసి చూశాడు.